మంత్రసాని ముందు పన్ను

మొన్న అవతలి కొండ సంతలో అల్లం దించుతున్న మనిషి ఒకడు బస్తా మూతి విప్పుతూ మామూలు కబురులా చెప్పాడు.

"మీ మంత్రసాని ముసల్ది పోనాది బాబూ. సలిజొరం. కూతురి కాడే పోనాది. తన సేతిలో పుట్టిన మనవరాలి సేత్తో నీల్లు తాగి మరీ పోనాది."

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె విషయంలో నాకు ఎప్పుడూ ముందు వచ్చేది కోపమే. బతికున్నప్పుడు ఆమె మీద నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో, అన్నిసార్లూ ఆ విసుగు నా దగ్గరే మిగిలిపోయింది. ఆమె మాత్రం చుట్ట తిప్పుకుని వెళ్ళిపోయేది.

నేను పల్లం నుంచి వచ్చి ఈ కొండ సంతల్లో పసుపు, పిప్పళ్ళు, చింతపండు తూచేవాణ్ణి. బడికి వెళ్ళలేదు. గోనె బస్తాల మీద బొగ్గుతో గీసుకుంటూ ఎక్కాలు నేర్చుకున్నాను. ఏ సంగతినైనా విడదీసి, మళ్ళీ కలిపి, తేడా ఎక్కడుందో చూసుకుంటే గాని నాకు కుదురుండదు. అలాంటివాడికి తగులుకోవలసిన మనిషి కాదు ఆమె.

హుకుంపేట దారిలో మా సంత చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ ఆమే మంత్రసాని. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నేను "అప్పా" అనేవాణ్ణి. సన్నగా, వంగని వెదురులా ఉండేది. అర్ధరాత్రి పిలుపు వస్తే ఒక్కతీ అడవి దాటి వెళ్ళేది. దారిలో పులి అడుగు కనిపిస్తే పక్కన కాలు వేసి, "దీనికీ నాకూ పేచీ లేదు" అనేదట. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకునేది. అడ్డపొగ మా పల్లం ఆడవాళ్ళకూ అలవాటే గాని, ఆమెలా నోట్లో నిప్పు పెట్టుకునే బేరమాడి, నవ్వి, నన్ను తిట్టినవాళ్ళను నేను చూడలేదు.

ఆమెకు చేతులకంటే పళ్ళే పనిముట్లు. అల్లం కొరికి పీచు చూసేది. పసుపుకొమ్ము కొరికి, లోపలి రంగు నా ముక్కుకు ఆనించి, "సూడు, కళ్ళెట్టి సూడు" అనేది. బస్తా నారతాడు ముడిపడితే నేను గోళ్ళతో అవస్థ పడుతుంటే లాక్కుని పళ్ళతో విప్పేది. గూడెం వైపు సర్కారు మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటి శీతాకాలంలో, అలా ఒక ముడి దగ్గరే పటుక్కుమని చప్పుడైంది. పై వరసలో నడిమి పళ్ళలో ఎడమది. "ఏటీ లేదు" అంది. కొన్నాళ్ళకు ఆ పన్ను నల్లబడింది. తర్వాత చిగురు వాచింది. పై పెదవి లేచి ముక్కుకు తగిలేలా ఉండేది.

ఆమె చేయని వైద్యం లేదు. వాకుడు గింజలు నిప్పుల మీద పోసి ఆ పొగ నోట్లోకి పట్టింది. జిల్లేడు పాలు పెట్టింది, పెదవి కాలింది. పొగాకు నూరి అదిమింది. ప్రతి వైద్యం తర్వాతా నా తూకం దగ్గరకు వచ్చి చెంప మీద అరచెయ్యి ఆనించుకుని నిలబడేది. నేను తల ఎత్తి చూస్తే, "తగ్గిపోనాది" అనేది. ఆ మాట వినీ వినీ నాకు నా చెవుల మీదే విసుగొచ్చింది.

సంత మైదానం చివర సర్కారు ఆసుపత్రి ఒకటి ఉండేది. ఆసుపత్రి అంటే ఒక పెంకుటి గది, ఒక బల్ల, క్వినైను డబ్బాలు, మెడకు ఎప్పుడూ ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉండే ఒక కాంపౌండరు. డాక్టరుగారు కొండెక్కడం చాలా అరుదు. పంటి డాక్టరంటే ఈ కొండల్లో ఆ కాంపౌండరే, ఆయన ఇనప పటకారే. మనిషి ముక్కోపి గాని చెయ్యి మంచిది. ఆయన పీకిన పళ్ళలో విరిగి లోపల ఉండిపోయినవి తక్కువ.

మొదటిసారి నేనే ఆమెను గుమ్మం దాకా తీసుకెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది.

"తగ్గిపోనాది బాబూ."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గుమ్మం సూడగానే తగ్గిపోనాది. మంచి గుమ్మం."

రెండోసారి లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది కూడా. ఆమెకు ముందు ఒకడికి దవడ పన్ను తీస్తున్నారు. వాడు పెట్టిన కేకకు బయట కోళ్ళు లేచాయి. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"ఇన్నావా ఆడి అరుపు? కానుపుల్లో ఆడోల్లు కూడా అంత అరుపు అరవరు. లోపల ఏటి సేత్తన్నారో."

"పన్ను పీకుతున్నారు. ఇంకేం చేస్తారు?"

"పన్నుకే అంత అరుపయితే, నానెల్తాను."

మూడోసారి నోరు తెరిచింది. కాంపౌండరు పటకారు పట్టుకుని వంగాడు. ఆమె నోరు మూసేసి, ఆయన గడ్డం పట్టుకుంది.

"ముందు నువ్వు తెరువు బాబూ. నీ పళ్ళు సూత్తాను."

ఆయనకు ఒక పక్క దవడ పళ్ళు లేవు. ఆమె తొంగి చూసి, "నీయి నువ్వు కాసుకోలేకపోనావు, నాది పీకుతావేటి?" అని లేచి వచ్చేసింది. కాంపౌండరు ఆమెను ఏమీ అనలేదు. నన్ను అన్నాడు. "ఇంకోసారి ఈవిడను తీసుకొచ్చావంటే నీ పళ్ళు పీకుతాను."

ఆ రోజు బస్తాల పక్కన కూర్చోబెట్టి ఆమెకు లెక్క చెప్పాను. ముప్పై రెండు పళ్ళలో ఒకటి పోతే ముప్పై ఒకటి ఉంటాయి. ఆ ఒక్కటీ ఉంచుకుంటే చీము తలకెక్కి మనిషే పోతుంది. రెండు నష్టాల్లో ఏది చిన్నది? పసిపిల్లకైనా తెలిసే లెక్క.

ఆమె శ్రద్ధగా వింది. విని, "నీ లెక్కలో పళ్ళన్నీ ఒకలాటియేనేటి?" అంది.

"పన్ను పన్నే కదా."

"ఎనకదయితే ఎప్పుడో పీకీసుకుందును" అని చుట్ట తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఎప్పటిలాగే పక్కదారి పట్టించిందనుకున్నాను.

వాపు కంటి దాకా ఎక్కింది. ఒక ఊళ్ళో కానుపుకు పిలిస్తే వెళ్ళలేక మధ్యదారిలో కూలబడితే మోసుకొచ్చారు. ఆ తర్వాతి సంతలో నేను నోరు చేసుకున్నాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

"నోట్లో నిప్పెట్టుకుని తిరిగేదానివి. పులి పక్కనుంచి నడిచొస్తావు. ఆ ఇనప ముక్కకు ఇంత భయమేటి అప్పా?"

"భయమే" అంది. "కాదన్నానేటి? అది నోటి కాడికి రాగానే లేసొచ్చీసినాను గదా. కానీ అది ఒక్క గడియ బాబూ. కళ్ళు మూసుకుంటే అయిపోద్ది. పీకినాక?"

"పీకినాక ఏముంది?"

ఆమె వేలితో పై పెదవి ఎత్తి చూపించింది. "ఇక్కడ సందు కనపడితే నన్నేటంతారు?"

అప్పుడు నాకు తెలిసింది. తెలియవలసిన సంగతే. ఇన్నేళ్ళు ఈ కొండల్లో తిరుగుతూ నేను విననిదేమీ కాదు. ఎవరైనా చిల్లంగి పెడుతున్నారని ఊరికి అనుమానం వస్తే, పట్టుకుని ముందు పళ్ళు ఊడగొడతారు. ముందు పళ్ళు లేని నోట మంత్రం సరిగా పలకదని, చెడుపు ఆగిపోతుందని వాళ్ళ నమ్మకం. అందువల్ల ఇక్కడ ముందు పన్ను లేని పెద్దమనిషి కనిపిస్తే ఎందుకు పోయిందని ఎవరూ అడగరు. పిల్లలను లోపలికి పిలుచుకుంటారు.

"మంత్రసానికి ముందు పన్ను లేదంటే నెత్తురుగుడ్డును ఎవులిత్తారు నా సేతికి?" అంది. "పోనీ, అదీ ఒగ్గీ. నా గుంటను అవతల కొండకిచ్చినాను. దానికి నెలలు నిండుతన్నాయి. తొలికానుపు. దానిది కూడా నాలాగే ఇరుకు నడుము. నాను తప్ప ఇంకోల్లు సెయ్యెడితే బతకదు. సందు నోరేసుకుని ఎల్తే నా వియ్యపురాలు గడప దాటనిత్తాదేటి?"

తొలికాన్పుకు కూతుర్ని పుట్టింటికి తెచ్చుకునే ఆనవాయితీ వాళ్ళకు లేదు. కాన్పు అత్తవారింట్లోనే.

"ఈ ముక్క మొదటే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటి సేద్దువు?"

ఏం చేస్తాను? నా ముప్పై రెండు, ముప్పై ఒకటి అక్కడికక్కడే చెల్లకుండా పోయాయి. పన్ను ఉంటే ఆమె పోతుంది, పన్ను పోతే కూతురు పోతుంది. ఎటు కూడినా ఒకటే వచ్చే లెక్క నాకు అంతకు ముందు తగల్లేదు.

దారి ఆమే చెప్పింది. "సంత నడుమ పీకమను. అందరూ సూత్తుండగా. పుచ్చి పోనాది గాని ఎవులూ కొట్టి రాల్చలేదని అందరికీ తెల్సిపోద్ది."

కాంపౌండరు దగ్గరకు వెళ్ళాను. ఆయన మెడగుడ్డ బిగించుకున్నాడు.

"సంత మధ్యలో పళ్ళు పీకడానికి నేను గారడీవాణ్ణా? ఆసుపత్రి లోపల ఉంది. రూలు కూడా లోపలే ఉంది. ఆవిణ్ణే లోపలికి రమ్మను."

ఆమె లోపలికి రాదు. ఆయన బయటికి రాడు. మధ్యలో ఉన్నది గట్టిగా నాలుగు బారల నేల. ఆ నాలుగు బారలూ అటూ ఇటూ నడిచి నా కాళ్ళు అరిగాయి గాని ఇద్దరిలో ఒక్కరూ అంగుళం జరగలేదు. ఇద్దరి మీదా కలిపి నాకొచ్చిన కోపాన్ని ఆ రోజు పిప్పళ్ళు తెచ్చినవాళ్ళు భరించారు.

మరుసటి సంతకు ఆమె జ్వరంతో వచ్చింది. నా పసుపు బస్తాల దాకా నడిచి వాటి మీద పడిపోయింది. ఎత్తి ఆసుపత్రికి తీసుకెళ్ళబోతే త్రాసు కట్టిన గుంజ రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. ఎవరో పరిగెత్తి చెప్పారు. కాంపౌండరు నన్నూ, ఈ కొండల్నీ, తనను ఇక్కడికి పంపినవాళ్ళనూ తిట్టుకుంటూ పటకారు తీసుకుని బయటికి వచ్చాడు.

ఆమె కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. గుంజ ఊగి తూకపురాళ్ళు దొర్లాయి. చుట్టూ మూగిన ఆడవాళ్ళందరికీ ఆమే కానుపు చేసింది. ఒకామె మొదలుపెట్టింది. "ఊపిరి ఒదులప్పా, ఊపిరి ఒదులు." తర్వాత అందరూ అందుకున్నారు. "బిగబట్టకు! ఇంకొంచెం! అయిపోనాది, అయిపోనాది!" నొప్పులు పడేటప్పుడు తమకు ఆమె చెప్పిన మాటలన్నీ తిరిగి ఆమెకే చెప్పారు. పన్ను వచ్చేసింది. దాని వెనకే గిన్నెడు చీము. కాంపౌండరు ఆ నల్లటి పుచ్చు పన్నును పైకెత్తి చూపించాడు. ఆయనకు కూడా కొంచెం ఉత్సాహం వచ్చినట్టుంది. అది చేతులు మారుతూ సంతంతా తిరిగి, ఎవరి దగ్గరో ఆగిపోయింది.

వారం తిరిగేసరికి వాపు దిగింది. మా సంతకు వచ్చే ఊళ్ళు మళ్ళీ ఆమెను పిలిచాయి. లెక్క తెగిందని నేను హాయిగా ఉన్నాను.

తర్వాత ఒక సంతలో ఆమె నా ముందుకు వచ్చి, బేరం లేకుండా, తిట్టు లేకుండా నిలబడింది. అవతలి కొండకు వెళ్ళి వచ్చిందట. వియ్యపురాలు గడపలో నిలబడి, "నోరు తెరువు ఒదినా" అందట. తెరిచింది. చూసి, తలుపు దగ్గరికి వేసేసిందట.

"పుచ్చి పోనాదని సెప్పలేదా?"

"సెప్పినాను. సంతంతా సూసినాది అన్నాను. మీ సంతలో సూసినోల్లు మీవోల్లే, మావోల్లు ఎవులు సూసినారు అంది. మా గుంట లోపల్నించి అమ్మా అని పిలుత్తంది. బయటికి రానియ్యలేదు."

అవతలి కొండవాళ్ళు అవతలి సంతకే వెళతారు. మా సంతతో వాళ్ళకు పని లేదు. ఈ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే రెండు సంతల్లోనూ తూకం నాదే. తెలిసీ కలిపి చూసుకోలేదు.

ఆమె పసుపుకొమ్ము ఒకటి తీసి కొరికి, రంగు చూసి పడేసింది. అలవాటు ప్రకారం. తర్వాత అడిగింది.

"కాంపౌండరు బాబు క్వినైను పట్టుకుని అవతలి సంతకెల్తాడు గదా. ఎప్పుడు?"

"వచ్చే సంతకే. ఎందుకు?"

"పక్క పన్ను నొప్పెడతంది."

ఆ పక్క పన్నుతోనే ఇప్పుడు కొమ్ము కొరికింది. నేను చూశాను. నేను చూశానని ఆమెకూ తెలుసు. అప్పటికి ఆమె ముఖం కొండ వైపు తిరిగిపోయింది.

అవతలి సంతలో కాంపౌండరు మడత బల్ల వేసుకుని, వరసగా నిలబడ్డవాళ్ళకు క్వినైను పోస్తున్నాడు. నా త్రాసు ఆ పక్కనే. ఆమె వచ్చి బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. గట్టిగా, సంత సగానికి వినపడేలా, "బాబో, పన్ను! పుచ్చు పన్ను!" అని అరిచింది. జనం మూగారు. ముందు వరసలోనే వియ్యపురాలు చేతులు కట్టుకుని నిలబడింది. లావుపాటి మనిషి, రెప్ప వేయదు.

నేను తూకం వదిలి వెళ్ళి ఆమె చెవి దగ్గర వంగాను. "లే. ఇది పిచ్చిపని. బాగున్న పన్ను."

ఆమె లేవలేదు, బుట్టను రెండు చేతులా పట్టుకుంది.

"భయమేత్తంది బాబూ. మొన్న ఎలాగుంటాదో తెలీక కూకున్నాను. ఇయాల తెలిసి కూకున్నాను."

"అయితే లేచి పద."

"గుంటకు నొప్పులొత్తే ఎవులెల్తారు? నువ్వెల్తావేటి?"

కాంపౌండరు సన్నటి కమ్మీతో పన్ను మీద తట్టి చూడబోయాడు. ఆమె కెవ్వుమంది.

"ఇంకా తగల్లేదే!" అన్నాడాయన.

"అది మంచి పన్నయ్యా!" అన్నాను ఉండబట్టలేక, ఆయన చెవిలో. "ఆమెకు నొప్పి లేదు."

"నొప్పి నీకా, ఆమెకా?" అని ఆయన నన్ను మోచేత్తో తోసి, పటకారు అందుకున్నాడు.

మొదటిది పుచ్చు కాబట్టి చీముతో పాటు జారి వచ్చింది. ఇది రాలేదు. ఎముకలో పాతుకున్న పన్ను. ఆయన చెమటలు కక్కుతూ అటూ ఇటూ ఊపుతున్నాడు. ఈ సంతలో ఆమెకు ఊపిరి వదలమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ చూస్తున్నారంతే. ఆమె నా పంచె అంచు పట్టుకుంది. ఎంత గట్టిగా లాగిందంటే నేను ఆమె పక్కన కూలబడవలసి వచ్చింది. "ఊపిరి ఒదులప్పా" అన్నాను. నాకు అంతకంటే తెలియదు. ఊడి వచ్చేసరికి ఆమె గడ్డం, మెడ, చీర అన్నీ నెత్తురే.

కాంపౌండరు జనానికి వీపు తిప్పి పటకారును వెలుతురుకు పెట్టి చూశాడు. పొడుగాటి వేరుతో, పాల గింజలా ఉంది పన్ను. మచ్చ లేదు. ఆయన ముఖంలో రంగు మారింది. ఒకసారి ఆమెను చూశాడు, తర్వాత నన్ను. ఎవరికీ కనపడకుండా దాన్ని నా కుడి చేతిలో కుక్కి, "నువ్వే చెప్పావుగా. నువ్వే ఉంచుకో" అని గొణిగి క్వినైను వరస వైపు తిరిగాడు.

"ఏదీ పన్ను?" అంది వియ్యపురాలు.

బాగున్న పన్నును సర్కారువాడు పీకాడంటే ఆ కొండ మీద దానికి ఒకటే అర్థం. చిల్లంగి అని సర్కారువాళ్ళకూ తెలిసిపోయి పీకేశారని. నేను పిడికిలి బిగించాను.

వియ్యపురాలు నా ముందుకు వచ్చింది. ఆమె ఇంటి పసుపు ఏటేటా తూచేది నేనే. "తూకం బాబూ, నువ్వు సెప్పు. పుచ్చిందేనా?"

బస్తాల మధ్య, బోర్లించిన బుట్ట మీద, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె నన్నే చూస్తోంది. బతిమాలుతున్న చూపు కాదది. నా తూకంలో తేడా పట్టుకోడానికి వచ్చినప్పుడు చూసే చూపు.

"పుచ్చిందే" అన్నాను. "మొదటిదానికంటే ఎక్కువ. లాగుతుంటేనే ముక్కలైపోయింది. పారేశాం."

వియ్యపురాలు చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత వెళ్ళి, "లే ఒదినా. బేగి లే. దానికి రాత్రి నుంచి నడుం లాగుతంది" అంది. ఆమె లేచాక ఆ బుట్టను తిరగేసి తన నెత్తికి ఎత్తుకుంది. ఇద్దరూ కొండ దారి పట్టారు. వెనకామె నెత్తురు ఉమ్ముకుంటూ, కాళ్ళు తడబడుతూ, అయినా ముందామెను దాటిపోయేలా నడుస్తోంది. నా వైపు తిరిగి చూడలేదు.

నా త్రాసు దగ్గర జనం అరుస్తున్నారు. పొద్దు వాలకముందే తూచి పంపాలి. వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు సంత ముగిసేదాకా కుడి పిడికిలి విప్పలేదు. రాళ్ళన్నీ ఎడం చేత్తోనే ఎత్తి వేశాను.